ఆమె అందుబాటులోకి రాలేదు

(హన్మకొండలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ప్రభుత్వ కళాశాలలో అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, ఇప్పుడు ఫోను ద్వారా కౌన్సెలింగ్ చేస్తున్న ఒక అధ్యాపకురాలి ప్రసంగం ఇది. లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో థెరపీ చేస్తున్నారని ఒక దినపత్రిక తన మీద రాసిన వార్తకు ఆమె ఇచ్చిన జవాబు. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాము. తడబాట్లు మాత్రమే తీసివేశాము.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. రండమ్మా, రండి. పేపర్లో పేరు పడ్డ మనిషి పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బు ఏమీ రాదు.

ఆ వార్త చదవనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి. ఒక్కరూ లేరు. చూశారా, నేను రిటైరయినప్పుడు కూడా అదే పత్రికలో నాలుగు వాక్యాల వార్త పడింది. దాన్ని మా ఇంట్లోవాళ్ళే చదవలేదు.

ఆ వార్త రాసిన విలేకరిని కూడా ఈ సభకు పిలిచాను. వచ్చారు. సంతోషం. ఎక్కడ కూర్చున్నారో నేను చెప్పను. దయచేసి మీరు తలలు తిప్పి వెతకకండి. ఆయన మన అతిథి.

వార్తలో చివరి వాక్యం ఉంది కదా, దానితో మొదలుపెడతాను. 'వివరణ కోసం ప్రయత్నించగా ఆమె అందుబాటులోకి రాలేదు.' ఈ వాక్యం మీరు ఎన్ని వందల సార్లు చదివి ఉంటారు? నేనూ చదివాను. చదివిన ప్రతిసారీ ఏమనుకున్నాను? తప్పు చేసింది కాబట్టే తప్పించుకు తిరుగుతోంది అనుకున్నాను. నిజం చెప్పండి, మీరూ అదే అనుకున్నారు కదా?

నా విషయంలో ఆ ప్రయత్నం ఏమిటో చెబుతాను. మంగళవారం రాత్రి 9 గంటల 40 నిమిషాలకు తెలియని నంబరు నుంచి ఒక కాల్ వచ్చింది. ఒకటే. అప్పుడు నేను ఇంకో ఫోనులో ఒక అబ్బాయితో మాట్లాడుతున్నాను. అలా మాట్లాడేటప్పుడు రెండో ఫోను నోరు నొక్కి బోర్లా పడుకోబెడతాను. పదిన్నరకు చూశాను. ఈ వేళప్పుడు తెలియనివాళ్ళకు ఫోను చేయడం బాగుండదని ఊరుకున్నాను. పొద్దున ఏడింటికి చేశాను. అవతలి గొంతు 'మేడం, వార్త వచ్చేసింది కదా' అంది. నిజమే చెప్పారు పాపం. అప్పటికే పేపరు మా గేటులో పడి ఉంది. అందులో నేను అందుబాటులోకి రాలేదు.

సరే. ఇక లోపలికి వెళదాం. లోపల ఏమున్నాయి? నేను రోజుకు 40 మందికి పైగా 'రోగుల'ను చూస్తానట. వేలకు వేలు గుంజుతున్నానట. లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో థెరపీ చేస్తున్నానట. పిల్లల వ్యక్తిగత వివరాలు సేకరిస్తున్నానట. ఒక అమ్మాయిని మందులు మానేయమన్నానట.

తేలికయినదాన్ని ముందు తీసేద్దాం. ముప్పై ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పినదాన్ని, లెక్క చూడకుండా ఉండలేను. ఒక్కొక్కరితో 50 నిమిషాలు మాట్లాడతానని అదే వార్తలో ఉంది. అది నిజం. 40ని 50తో గుణించండి. ఎంత? 2,000 నిమిషాలు. రోజుకు ఉన్నవి ఎన్ని? 1,440. తిండి, నిద్ర మానేసి మాట్లాడినా ఇంకా 560 నిమిషాలు రేపటి దగ్గర అప్పు తేవాలి. నేను రోజుకు మాట్లాడేది ముగ్గురితో. నలుగురైతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. విద్యార్థుల దగ్గర పైసా తీసుకోను. సంపాదించుకునేవాళ్ళు ఇవ్వగలిగితే 300 రూపాయలు. రసీదు పుస్తకాలు అదిగో, ఆ బల్ల మీద పెట్టాను. పేర్ల మీద కాగితం అంటించాను. అంకెలు చూడండి, కాగితం మాత్రం పీకకండి.

ఇప్పుడు అసలు సంగతి. లైసెన్సు.

'నీకు లైసెన్సు ఉందా' అనే ప్రశ్న తప్పు కాదు. నేను మళ్ళీ చెబుతున్నాను, ఆ ప్రశ్న తప్పు కాదు. చాలా మంచి ప్రశ్న. మీ అమ్మాయిని ఎవరితోనైనా మాట్లాడించే ముందు మీరు అడిగి తీరవలసిన ప్రశ్న. నన్ను అడిగి ఉంటే కూర్చోబెట్టి టీ ఇచ్చి జవాబు చెప్పేదాన్ని. కానీ నన్ను అడగవలసిన ప్రశ్నను తీసుకువెళ్ళి శీర్షికలో పెట్టి పాఠకులను అడిగారు. 'లైసెన్సు ఎక్కడ?' అని. పాఠకులకేం తెలుసు నా లైసెన్సు ఎక్కడుందో?

జవాబు ఇది. మనసుకు సంబంధించిన పని చేసేవాళ్ళందరూ ఒకటి కాదు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. ఆయన పేరు డాక్టర్ల రిజిస్టరులో ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు పెట్టి, జబ్బు ఏమిటో అంచనా కట్టి, మాటలతోనూ అభ్యాసాలతోనూ చికిత్స చేసే శిక్షణ పొందినవారు. వారి పేరు ఢిల్లీలో ఉన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్టరులో ఉండాలి. దానికి 1992లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ రిజిస్టరులో లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో రాసి ఉంది. మీరు ఎవరి దగ్గరికైనా వెళ్ళినప్పుడు 'అమ్మా, మీ ఆర్‌సీఐ నంబరు ఎంత?' అని అడగండి. సిగ్గుపడవద్దు. నిజంగా ఉన్నవాళ్ళు సంతోషంగా చెబుతారు. లేనివాళ్ళకే కోపం వస్తుంది.

మరి నేను ఎవరిని? నేను ఆ ఇద్దరిలో ఎవరినీ కాను. ఎప్పుడూ అనలేదు కూడా. ఉద్యోగంలో ఉండగానే దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. చేశాను. తర్వాత కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేశాను. నేను కౌన్సెలర్‌ను. నేను జబ్బుకు పేరు పెట్టను. మందు పేరు పలకను. పరీక్ష హాల్లో చేతులు వణుకుతున్నాయి, హాస్టల్లో ఎవరూ మాట్లాడటం లేదు, నాన్న తాగుతున్నాడు, పెళ్ళి వద్దంటే వినడం లేదు, ఇలాంటివి నా దగ్గరికి వస్తాయి. వింటాను. అడుగుతాను. ఒక్కొక్క చిక్కును పట్టుకుని వాళ్ళతోనే విప్పిస్తాను. అంతకు మించినది అనిపిస్తే పెద్దవాళ్ళ దగ్గరికి పంపుతాను. ఎంత కష్టం కౌన్సెలింగ్‌తో తీరుతుంది, ఎక్కడ దాటితే డాక్టరు కావాలి, ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడమే నా చదువులో పెద్ద పాఠం. నెలకు ఒకసారి ఒక సైకియాట్రిస్టు దగ్గర కూర్చుని, పేర్లు లేకుండా, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పించుకుంటాను. ఆయన బాగా తిడతారు.

కౌన్సెలర్లకు ఏ చట్టమూ లేదా అంటే, ఉంది. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చింది. ఫిజియోథెరపీవాళ్ళు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు, వాళ్ళతో పాటు సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు, రకరకాల కౌన్సెలర్లు ఆ జాబితాలోకి వచ్చారు. ఆ చట్టం పూర్తిగా అమలయ్యేకొద్దీ నాలాంటివాళ్ళు కూడా ఒక రిజిస్టరులో ఉండవలసి వస్తుంది. ఉండాలి. నాకు ఆ అర్హత చాలదని వాళ్ళంటే ఆ రోజు ఈ పని మానేస్తాను. ఇది పౌరుషానికి అంటున్న మాట కాదు.

కానీ వార్తలో ఏమని రాశారు? 'ఆమెకు భారత వైద్య మండలి అనుమతి లేదని తేలింది' అని. తేలిందట! వైద్య మండలి డాక్టర్ల సంగతి చూస్తుంది. నాకు అనుమతి ఎలా ఇస్తుంది? కాజీపేట చౌరస్తాలో ఆటో నడుపుకునే అన్నను ఆపి విమానం లైసెన్సు చూపించమన్నట్టుంది. పైగా ఆ మండలి ఇప్పుడు లేనే లేదు. 2020లో దాని స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. లేని మండలి దగ్గర నాకు అక్కరలేని అనుమతి లేదని తేల్చారు.

నవ్వకండి. ఎందుకంటే ఇప్పుడు నా తప్పు చెప్పబోతున్నాను.

మీలో కొందరికి వాట్సాప్‌లో ఒక పోస్టరు వచ్చి ఉంటుంది. నీలం రంగు పోస్టరు. నా పాత విద్యార్థి ఒకడు అభిమానం కొద్దీ తయారుచేశాడు. దాని మీద 'ఆన్‌లైన్ థెరపీ' అని పెద్ద అక్షరాలు. పక్కన స్టెతస్కోపు బొమ్మ. నా పేరు ముందు 'డా.' అని. నేను డాక్టరును కాను, డాక్టరేటు కూడా లేదు. అది నేను చూశాను. చూసిన రోజే 'ఒరేయ్, తప్పురా, తీసెయ్' అనవలసింది. అన్నానా? లేదు. పదకొండు రోజులు ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నాను? పిల్లవాడు నొచ్చుకుంటాడని ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, చెప్పేస్తాను. ఆ రెండక్షరాలు పేరు ముందు చూసుకుంటే కాస్త బాగానే అనిపించింది. పన్నెండో రోజు తీయించాను. అప్పటికి అది ఎన్ని ఫోన్లు తిరిగిందో!

కాబట్టి ఆ పత్రికకు అనుమానం గాలిలోంచి రాలేదు. నేనే ఇచ్చాను. థెరపీ అనే మాట బరువైనది. దాన్ని మోసే శిక్షణ ఉన్నవాళ్ళే వాడాలి. ఆ పోస్టరు చూసి ఎవరైనా డాక్టరు అనుకుని నాకు ఫోను చేసి ఉంటే, ఆ మోసంలో నా వాటా ఉంది. 'పోస్టరులో అబద్ధం ఉంది, ఆమె పదకొండు రోజులు ఊరుకుంది' అని రాసి ఉంటే నేను ఈ సభ పెట్టేదాన్ని కాదు. తల వంచుకునేదాన్ని. వాళ్ళకు దొరికిన నిజం చిన్నది. శీర్షికకు సరిపోలేదు కాబోలు, సాగదీశారు.

ఒక చిన్న కథ చెప్పి ముందుకు వెళతాను. దాదాపు వందేళ్ళ కిందట, వియన్నాలో థియోడర్ రైక్ అనే ఆయన మీద ఇలాంటి ఆరోపణే వచ్చింది. వైద్యపట్టా లేకుండా మనోవిశ్లేషణ చేస్తున్నాడు, ఇది దొంగవైద్యం అని. ఆయన గురువు, మనోవిశ్లేషణ అనే మాటల చికిత్సను మొదలుపెట్టిన ఫ్రాయిడ్, 1926లో శిష్యుడి తరఫున కలం పట్టి, ఈ పనికి వైద్యపట్టా ఒక్కటే కొలమానం కాదు, దీనికి వేరే శిక్షణ ఉంది అని వాదించాడు. కేసు నిలబడలేదు. ఇది విని 'మేడం తనను రైక్‌తో పోల్చుకుంటోంది' అని రాయకండి, సార్. ఆయనకు సైకాలజీలో డాక్టరేటు ఉంది. నాకు ఉన్నది నీలం పోస్టరు. అనుమానం పాతదే, అనుమానించడం మంచిదే అని చెప్పడానికే ఈ కథ.

ఇక మందుల సంగతి. ఇక్కడ మాత్రం నాకు కోపం వస్తుంది.

'ఆమె మాటలు విని ఒక విద్యార్థిని మందులు మానేసింది' అని రాశారు. మందుల గురించి ఎవరు అడిగినా నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. రాసిన డాక్టరును అడగండి. డోసు ఎక్కువయిందా? డాక్టరును అడగండి. నిద్ర ముంచుకొస్తోందా? డాక్టరును అడగండి. తగ్గిపోయింది, ఆపేయనా? అసలు ఆపకండి, డాక్టరును అడగండి. మనసుకు వాడే మందులు కొన్ని ఉన్నట్టుండి ఆపితే మనిషి చాలా ఇబ్బంది పడతాడు. మెల్లగా తగ్గించవలసినవి ఉంటాయి. ఇది తెలియని కౌన్సెలర్ ఎవరైనా ఉంటే వాళ్ళ గురించి రాయండి, నేనే మీకు సమాచారం ఇస్తాను. మూడు రోజుల కోర్సు చేసి 'డిప్రెషన్‌ను వారంలో పోగొడతాం' అని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఫోనులో రెండు ప్రశ్నలడిగి 'నీకు బైపోలార్' అని తేల్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ జోలికి వెళ్ళండి, బాబూ!

ఆ అమ్మాయి నిజంగానే మందులు మానేసింది. ఎందుకు మానేసింది? రూములో మాత్రల పొట్లం చూసి తోటిపిల్లలు 'ఎర్రగడ్డ' అన్నారు. అంతే. ఒక్క మాట. హైదరాబాదులో ఆ పేటలో ఒక ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది, ఎందరికో బతుకు తిరిగి ఇచ్చిన ఆస్పత్రి. ఆ పేట పేరును మనం తిట్టుగా మార్చుకున్నాం. మనమే. మన ఇళ్ళలో, మన సినిమాల్లో, మన బస్సుల్లో. అది విని ఆ పిల్ల మాత్రలు పారేసింది. పారేసిన నాలుగో రోజున నాకు ఫోను చేసింది. నేను ఏం చెప్పాను? రేపు పొద్దున వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక విభాగం ఓపీకి వెళ్ళు, పారేసిన సంగతి దాచకుండా చెప్పు అన్నాను. అదే మెసేజిలో కూడా రాశాను.

ఆ మెసేజి ఫోటోనే పత్రికలో పడింది. పైన నేను రాసిన మూడు వాక్యాలు కత్తిరించారు. కింద ఆ పిల్ల రాసిన 'మాత్రలు ఆపేశాను మేడం' అన్న వాక్యం ఉంచారు.

ఆ ఫోటో వాళ్ళకు ఎలా చేరిందో నేను అడగదలచుకోలేదు. చేతులు మారింది. పిల్లలు పిల్లలే. పేరు మీద నల్ల గీత గీశారు, అది నిజమే. గీసి, పక్కనే ఏం చేశారు? ఏ మండలమో రాశారు. ఏం చదువుతోందో రాశారు. ఎక్కడ ఉంటోందో రాశారు. నేను అవి ఇక్కడ పలకను. ఆ మూడూ కలిస్తే ఆ పేరు ఇక ఎవరికి తెలియదు చెప్పండి? వాళ్ళ నాన్న బస్టాండు దగ్గర హోటల్లో టీ తాగుతూ చదివాడు. పక్కవాడు 'ఇది మీ అమ్మాయి కాదా' అని అడిగాడు. ఆయన టీ అక్కడే పెట్టేసి బస్సెక్కి వచ్చి కూతురిని ఇంటికి తీసుకుపోయాడు. ఫోను తీసేసుకున్నాడు. ఆయన మంచివాడే. ఆయన స్థానంలో నేనున్నా భయపడేదాన్ని.

ఈ సంగతి ఇంత వరకు చెప్పవచ్చని ఆ అమ్మాయి స్నేహితురాలి చేత కబురు పంపింది. ఇంత వరకే చెబుతాను. కబురు వచ్చింది కానీ గొంతు వినలేదు. మాత్రలు వేసుకుంటోందో లేదో నాకు తెలియదు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు. ఆస్పత్రిలో చికిత్స పొందుతున్న మనిషి ఫోటో కానీ, వివరాలు కానీ ఆ మనిషి ఒప్పుకోకుండా పత్రికలకు ఇవ్వకూడదని అందులో 24వ సెక్షన్ చెబుతుంది. నాది ఆస్పత్రి కాదు కాబట్టి ఆ సెక్షన్ అక్షరాలా ఇక్కడ వర్తించదు అని మా వకీలు తమ్ముడు చెప్పాడు. సరే, వర్తించకపోతే పోనీ. పత్రికల తీరును చూసే ప్రెస్ కౌన్సిల్ 2019లో మానసిక అనారోగ్యం గురించిన వార్తలు ఎలా రాయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కూడా పక్కన పెడదాం. ఇంట్లో ఒక కూతురు ఉన్నవాడికి చట్టం కావాలా ఇది తెలియడానికి? నా మీద కోపం ఉంటే నా ఫోటో వేసుకోవచ్చు. వేశారు కూడా. పదేళ్ళ కిందటిది, బాగానే ఉంది.

ఆ వారమంతా నా ఫోను మోగలేదు. ఒక్కటీ రాలేదు. అంతవరకు వారం వారం మాట్లాడే పిల్లలు కూడా. వాళ్ళకు నా మీద నమ్మకం పోయిందో, తమ మెసేజి కూడా రేపు పేపర్లో వస్తుందని భయమో. భయమే అయి ఉంటుంది.

'వ్యక్తిగత వివరాల సేకరణ' అన్నారు కదా, అదీ చెప్పేస్తాను. మొదటిసారి మాట్లాడినప్పుడు నేను రెండే అడుగుతాను. ఇప్పుడు నువ్వు ఏ ఊరిలో ఉన్నావు? నీకు ఏదైనా అయితే పరుగెత్తుకు రాగల పెద్ద మనిషి ఎవరు, వాళ్ళ నంబరు ఎంత? ఎందుకు అడుగుతాను? ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళు తిరిగి పడితే నేను పట్టుకుంటాను. ఫోనులో మనిషి మాట మధ్యలో ఆగిపోతే నేను ఎవరిని పంపాలి? ములుగు అవతల అడవిలో ఉన్న ఊరికి 108 బండిని ఏ దారిన రమ్మనాలి? ఆన్‌లైన్‌లో ఈ పని చేసే ఎవరైనా ఈ రెండూ అడగకపోతే వాళ్ళకు పని తెలియదని అర్థం. నన్ను అనుమానించవలసింది అడిగినందుకు కాదు, అడగకపోతే.

అసలు ఈ ఆన్‌లైన్ ఎందుకు, ఎదురుగా కూర్చోబెట్టుకోవచ్చు కదా అంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పిల్లలందరూ ఊళ్ళకు పోయారు. అప్పుడు మొదలయింది. భూపాలపల్లి వైపు నుంచి ఒక అబ్బాయి సిగ్నల్ కోసం చెరువు కట్ట మీదికి ఎక్కి మాట్లాడేవాడు. గాలి శబ్దంలో సగం మాటలు పోయేవి. రెండు గదుల ఇళ్ళలో ఆడపిల్లలకు ఒంటరిగా మాట్లాడే చోటు ఎక్కడిది? పశువుల కొట్టంలోకి పోయి మాట్లాడేవాళ్ళు. మాకు ఒక గుర్తు ఉండేది. ఎవరైనా దగ్గరికి వస్తే 'మేడం' అనడం ఆపి 'చెప్పండి అత్తమ్మా' అనాలి. అప్పుడు నేను పత్తి ఎంత వచ్చింది, అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అని అడుగుతాను. ఒకసారి ఒక అమ్మాయి ఇరవై నిమిషాలు అత్తమ్మా అంటూనే ఉంది. ఆ రోజు నేను వాళ్ళ ఊళ్ళో అందరి యోగక్షేమాలూ తెలుసుకున్నాను.

నేను ఈ పనిలోకి ఎందుకు వచ్చానో చాలామందికి తెలియదు. చెప్పాలా వద్దా అని వచ్చేటప్పుడు కూడా ఆలోచించాను. 1997–98 మన జిల్లాకు ఎలాంటి సంవత్సరమో పెద్దవాళ్ళకు గుర్తుంది. పురుగు పత్తిని తినేసింది. ఎన్ని ఇళ్ళలో దీపం ఆరిందో. అప్పుడు నేను డిగ్రీ పిల్లలకు సాలెగూడు సిద్ధాంతం చెబుతున్నాను. ఈ ఏడాది ధర బాగుంటే వచ్చే ఏడాది అందరూ అదే పంట వేస్తారు, ధర పడిపోతుంది, అది. బోర్డు మీద గీతలు గీశాను, బాగా గీశాను. మూడో బెంచీలో ఒక అబ్బాయి మూడు వారాలుగా రావడం లేదు. నేను ఏం చేశాను? హాజరు చాలదని ఇంటికి నోటీసు పంపించాను. ఆ నోటీసు వెళ్ళేసరికి వాళ్ళ నాన్న పోయి పన్నెండు రోజులయింది. అబ్బాయి తిరిగి వచ్చి నోటీసు చేతికిచ్చి 'సంతకం పెట్టడానికి ఎవరూ లేరు మేడం' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఏం అనాలో తెలియలేదు. ఎం.ఏ. చదివాను, పాఠం చెబుతున్నాను, ఒక పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను ఇక్కడికి తెచ్చింది.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌వాళ్ళు 2015–16లో 12 రాష్ట్రాలలో సర్వే చేశారు. మన రాష్ట్రం అందులో లేదు. మానసిక సమస్య ఉన్నవాళ్ళలో, ఆ సమస్యను బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. డాక్టర్లు సరిపోరు, సైకాలజిస్టులు సరిపోరు. అందుకే గోవాలో విక్రమ్ పటేల్ అనే సైకియాట్రిస్టు బృందం మామూలు మనుషులకు కౌన్సెలింగ్ నేర్పించి చూసింది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు అవ్వలకు నేర్పించి ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. రెండు చోట్లా మేలు జరిగిందని పరిశోధనలే చెప్పాయి. అలాగని మా వీధిలో ఓపిక ఉన్న ప్రతి అత్తా రేపటి నుంచి కౌన్సెలర్ అని కాదు. ఆ అవ్వలకు శిక్షణ ఉంది, వెనక చూసే డాక్టరు ఉన్నాడు. ఆ రెండూ తీసేస్తే మిగిలేది అత్తమ్మ సలహాయే. దాని సంగతి మీకు తెలుసు.

నా గొంతు నచ్చకపోయినా, నా చదువు చాలదనిపించినా, 14416 గుర్తు పెట్టుకోండి. టెలి మానస్, మనసు బాధలకు సాయం చేసే ఫోను లైను. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. నా దగ్గరికి వచ్చే పిల్లలతో కూడా ముందు ఈ నంబరే రాయిస్తాను. చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా అంటే నేను ఫోను పెట్టను. మాట్లాడుతూనే రెండో ఫోనుతో ఇంట్లో పెద్దవాళ్ళను లేపుతాను. అందుకే నాకు రెండు ఫోన్లు. వార్తలో ఆ రెండు ఫోన్ల గురించి కూడా అనుమానంగా రాశారు.

మిత్రులు కొందరు పరువు నష్టం కేసు వేయమన్నారు. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది, వేయవచ్చు. వేయలేదు. కేసు వేస్తే సాక్షిగా ఎవరిని పిలుస్తారు? ఆ అమ్మాయిని. అక్కడే ఆ ఆలోచన మానుకున్నాను. ముందు సంపాదకుడికి ఉత్తరం రాశాను. వారం తర్వాత లోపలి పేజీలో నాలుగు వరుసలు వేశారు, 'ఆమె ఖండించారు' అని. ఏమి ఖండించానో వేయలేదు. దినపత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలంటే వార్త వచ్చిన రెండు నెలల లోపల చేయాలి. చేశాను. కౌన్సిల్‌కు జరిమానా వేసే అధికారం లేదు, జైలులో పెట్టే అధికారమూ లేదు. దాని చేతిలో ఉన్నది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం. అది చాలు నాకు. నేను అడిగింది కూడా ఒకటే. కత్తిరించిన ఆ మూడు వాక్యాలు అంతే పెద్ద అక్షరాలలో వేయండి అని.

విలేకరుల మీద నాకు పగ లేదు. మండలాల్లో పనిచేసే పిల్లలకు ఏపాటి జీతం వస్తుందో నాకు తెలుసు. నా విద్యార్థులే కొందరు ఆ పనిలో ఉన్నారు. వార్తతో పాటు ప్రకటనలూ తెమ్మంటారు. పంపింది ఒకటి, డెస్కులో అయ్యేది ఒకటి. ఈ వార్తలో ఏది ఎవరు చేశారో నాకు తెలియదు. తెలిసినా, ఆ నల్ల గీత పక్కన ఊరి వివరం రాసిన చెయ్యి మాత్రం ఒక నిమిషం ఆగి ఉండవలసింది.

నేను చెప్పవలసింది అయిపోయింది. కాగితాలన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి. ఎం.ఏ. సర్టిఫికెట్, డిప్లొమా, రసీదులు, సంపాదకుడికి రాసిన ఉత్తరం, నీలం పోస్టరు కూడా. చూసినవాళ్ళు ఎక్కడివి అక్కడ పెట్టండి. పోస్టరు మాత్రం ఫోటో తీసి మళ్ళీ ఎవరికీ పంపకండి, నా తల్లీ.

ఏడున్నరకు నాకు ఒక ఫోను ఉంది. ఈ రెండు వారాలలో వస్తున్న మొదటి ఫోను. ఇంకా నలభై నిమిషాల సమయం ఉంది. ఏదైనా అడగండి. మొదటి ప్రశ్న మాత్రం మన అతిథి కోసం ఉంచుతాను. చెయ్యి ఎత్తమని నేను అడగను. ఆయన చీటీ రాసి పంపినా సరే, పేరు చదవను.